ఇంట్లో చేసిన బిలియర్డ్స్ బాల్ పాలిషర్: నడుము మెరుస్తోంది, రెండు చివర్లు మసకగానే ఉంటున్నాయి

#1 చాక్‌పొడి
అందరికీ నమస్తే. మా క్లబ్బులో రెండు పూల్ టేబుళ్లు ఉన్నాయి. రెండు సెట్లు కలిపి 32 బాల్స్. వారానికోసారి వాటిని తుడిచే డ్యూటీ ఎలాగో నా మెడకే చుట్టుకుంది. ఒక్కోదానికి రెండు నిమిషాలేసుకున్నా గంట దాటుతుంది. చివరి పది బాల్స్‌కి వచ్చేసరికి వేళ్లు పీకేస్తాయి, తుడిచామంటే తుడిచాం అన్నట్టు వదిలేస్తాను. అందుకే మిషన్ చేశాను.

లోపలి వెడల్పు 28 సెం.మీ. ఉన్న ప్లాస్టిక్ బకెట్ తీసుకున్నాను. గోడకి చుట్టూ పొట్టి పోగుల కార్పెట్ అంటించాను. అడుగున ప్లైవుడ్ డిస్క్, దాని మీదా అదే కార్పెట్. బకెట్ అడుగులో సరిగ్గా మధ్యన రంధ్రం చేసి బేరింగ్, షాఫ్ట్ పెట్టాను. మోటర్ పావు హెచ్‌పీ, 1440 ఆర్‌పీఎం. 50 ఎం.ఎం. పుల్లీ నుంచి 200 ఎం.ఎం. పుల్లీకి బెల్టు, అంటే డిస్క్ నిమిషానికి 360 చుట్లు తిరుగుతుంది. బకెట్ కదలదు, డిస్క్ ఒక్కటే తిరుగుతుంది.

ఇప్పుడు బాధ ఏంటంటే, లెక్క ప్రకారం 12 బాల్స్ పట్టాలి, 11 వేసేసరికే బిగుసుకుపోతున్నాయి. అది పోనీ. పది నిమిషాలు తిప్పాక చూస్తే ప్రతి బాల్‌కీ నడుము చుట్టూ పట్టీలా అద్దంలా మెరుపు. రెండు చివర్లు మాత్రం వేసినప్పుడు ఎలా ఉన్నాయో అలానే. చేత్తో తుడిస్తేనే నయం అనిపిస్తోంది.

#2 ఎనిమిదో నంబర్
మూత ఉందా దానికి?

#3 చాక్‌పొడి
లేదు. నిన్న ఒక బాల్ ఎగిరి గచ్చు మీద పడింది, చిన్న పెచ్చు లేచింది. ఏ నంబరో చెప్పను, మా క్లబ్బువాళ్లు కూడా ఇక్కడ చదువుతారు.

#4 లేతు మేస్త్రి
ముందు బిగుసుకుపోవడం సంగతి తేల్చేద్దాం. పూల్ బాల్ 57.15 ఎం.ఎం. కదా. గోడని ఆనుకుని నిలబడితే బాల్ మధ్య బిందువు గోడ నుంచి 28.6 ఎం.ఎం. లోపల ఉంటుంది. మీ బకెట్ వ్యాసార్ధం 140 అనుకుంటే బాల్స్ వలయం వ్యాసార్ధం 111, అందులో 12 పడతాయి, నిజమే. కానీ కార్పెట్ మందం తీసేశారా? 8 ఎం.ఎం. కార్పెట్ అయితే గోడ 132కి వచ్చేసింది, వలయం 103. అందులో 11 మాత్రమే, అదీ సందు లేకుండా. ఇంకోటి, బకెట్ పైన వెడల్పు, కింద సన్నం. మీరు 28 ఎక్కడ కొలిచారు, నోటి దగ్గరా, అడుగునా?

16 బాల్స్ ఒకేసారి వలయంగా పట్టాలంటే కార్పెట్ పోను లోపల కనీసం 35 సెం.మీ. ఉండాలి. అదీ బిగుతుగానే. నన్నడిగితే పట్టించే ప్రయత్నమే వద్దు. ఎనిమిదేసి రెండు విడతలు తిప్పుకోండి.

#5 చాక్‌పొడి
నోటి దగ్గర కొలిచాను మేస్త్రి గారూ. ఇప్పుడు అడుగున టేపు పెట్టి చూస్తే 27 కూడా లేదు. సిగ్గేసింది.

#6 గోళీకాయ
పట్టీ ఎందుకు పడుతోందో చెప్తాను. బాల్‌కి రెండు చోట్ల ఆనిక ఉంది. కింద తిరిగే డిస్క్, పక్కన కదలని గోడ. డిస్క్ దాన్ని ముందుకి నెడుతుంది, గోడ పట్టి ఆపుతుంది. దాంతో బాల్ తన చుట్టూ తాను ఒక వాలు అక్షం మీద తిరుగుతూ బకెట్ చుట్టూ కూడా తిరుగుతుంది. 360 చుట్ల వేగంలో ఒకసారి ఆ తిరుగుడు అలవాటైందంటే, ఏదైనా తగిలి చెదిరేదాకా అదే అక్షం మీద తిరుగుతూనే ఉంటుంది. అక్షం రెండు చివర్లూ కార్పెట్ మొహం చూడవు. మీకు మసకగా మిగిలింది ఆ రెండే.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. దొర్లే బాల్‌కి పాలిష్ పట్టదు. నేల మీద చక్రం దొర్లినట్టు బాల్ కార్పెట్ మీద జారకుండా దొర్లితే రుద్దుడే ఉండదు. గుడ్డ బాల్ మీద జారితేనే మురికి ఊడుతుంది. కాబట్టి మన మిషన్‌లో బాల్ కాస్త తడబడాలి, అడ్డం తిరగాలి. సాఫీగా తిరుగుతోందంటే పని జరగట్లేదని అర్థం.

#7 చాక్‌పొడి
అబ్బా! నేనేమో సాఫీగా తిరుగుతోందని మురిసిపోయి వీడియో కూడా తీశాను.

#8 వర్క్‌షాప్ అక్క
తమ్ముడూ, కంటితో చూసి మసక, మెరుపు అని తేల్చకు. వెలుగు ఎటు పడితే అటు మెరుస్తుంది. ఒక పాత బాల్ తీసుకో. వైట్‌బోర్డ్ మార్కర్‌తో దాని నిండా చుక్కలు పెట్టు, వేలెడు దూరానికొకటి. చెరగని మార్కర్ వద్దు, తర్వాత నా మీద పడతావు. రెండు నిమిషాలు తిప్పి ఆపి చూడు. ఏ చుక్క పోయింది, ఏది మిగిలిందో లెక్కపెట్టు. మిషన్‌లో ఏ మార్పు చేసినా మళ్లీ ఇదే పరీక్ష, అదే రెండు నిమిషాలు. ఒకసారికి ఒకటే మార్చు.

#9 చాక్‌పొడి
పరీక్ష చేశాను అక్కా. తెల్ల క్యూ బాల్ (కర్రతో కొట్టే బాల్) మీద 40 చుక్కలు పెట్టాను. మిగిలినవి 13. అన్నీ రెండు గుంపులుగా, సరిగ్గా ఎదురెదురు చివర్లలో. గోళీకాయ గారు చూసినట్టే చెప్పారు.

#10 పాతసామాన్లు
దీనికింత కష్టమెందుకు బ్రదర్. పాత సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మిషన్ ఉతికే వైపు చూడండి. టబ్బు కదలదు, అడుగున డిస్క్ తిరుగుతుంది. మీరు చేసింది అదే. పైగా దాని టైమర్ కాసేపు ఇటు, కాసేపు అటు తిప్పుతుంది. ఆ మోటర్, టైమర్ పీకి పెట్టుకుంటే దిశ మారుతూ ఉంటుంది, అన్ని వైపులా పాలిష్ అవుతుంది.

#11 గోళీకాయ
ఐడియా బాగుంది, కానీ కారణం అది కాదు. డిస్క్‌ని వెనక్కి తిప్పితే బాల్ కూడా వెనక్కి తిరుగుతుంది, అక్షం మాత్రం అదే గీత మీద ఉంటుంది. బొంగరాన్ని కుడికి తిప్పినా ఎడమకి తిప్పినా ముల్లు ముల్లే కదా! లాభం ఎక్కడొస్తుందంటే, ఆగి మళ్లీ మొదలయ్యే ఆ రెండు మూడు సెకన్లలో. వేగం పడిపోయి బాల్స్ ఒకదాన్నొకటి గుద్దుకుని చెదురుతాయి, మళ్లీ కదిలేటప్పుడు కార్పెట్ మీద జారతాయి. కొత్త అక్షం దొరుకుతుంది. అందుకని టైమర్ పనికొస్తుంది, ఎన్నిసార్లు ఆగితే అంత మంచిది.

#12 పాతసామాన్లు
సరే, కారణం మీదే, ఐడియా నాదే.

#13 ఫ్యాను రెక్క
నేను సీలింగ్ ఫ్యాన్‌ని రెక్కలు తీసేసి బోర్లించి దాని మీదే డిస్క్ బిగించాను. బెల్టు లేదు, పుల్లీ లేదు, చప్పుడు లేదు, రెగ్యులేటర్ కూడా ఉంది. ఆరు బాల్స్ దాకా బాగానే లాగింది. ఎనిమిది వేస్తే మొదట చేత్తో తోయాల్సి వస్తోంది, అరగంటకి బాడీ ముట్టుకోలేనంత వేడి. గాలి విసరడానికి చేసిన మోటర్‌తో బరువు లాగిస్తే అంతే మరి. రెక్కలుంటే వాటి గాలికే చల్లబడేదేమో, అవీ పీకేశాను. ఆరేసి తిప్పుకునే ఓపిక ఉన్నవాళ్లకి మాత్రం ఇది చాలు.

#14 లేతు మేస్త్రి
చాక్‌పొడి గారూ, మీ 360 ఎక్కువ. బాల్స్ డిస్క్‌లో సగం వేగంతో బకెట్ చుట్టూ తిరుగుతాయనుకుందాం, అంటే 180. 103 ఎం.ఎం. వలయంలో ఆ వేగానికి బాల్ గోడని తన బరువుకి మూడున్నర రెట్ల పైచిలుకు బలంతో నొక్కుతుంది. అందుకే గోడెక్కి ఎగిరింది. డిస్క్ 200కి దించితే ఆ నొక్కుడు ఇంచుమించు బాల్ బరువంతే ఉంటుంది. కిందా పక్కనా సమానంగా ఆనుతుంది. నేనైతే 200 దగ్గర మొదలుపెడతాను.

తగ్గించడానికి రెండో షాఫ్ట్ వేసి రెండు మెట్లలో పుల్లీలు పెట్టండి. ఫ్యాన్ రెగ్యులేటరో లైటు డిమ్మరో తెచ్చి ఈ మోటర్‌కి తగిలించకండి. మీది కెపాసిటర్ స్టార్ట్ మోటర్ అయ్యుంటే లోపల వేగం అందుకోగానే విడిపోయే సెంట్రిఫ్యూగల్ స్విచ్ ఉంటుంది. వేగం బాగా పడిపోతే ఆ స్విచ్ మళ్లీ కలుసుకుంటుంది, కొద్దిసేపటి కోసం పెట్టిన స్టార్టింగ్ వైండింగ్‌లో కరెంటు ఆగకుండా పారుతుంది. వైండింగ్ మాడిన వాసన ఒకసారి పీలిస్తే మర్చిపోలేరు. బాడీకి ఎర్త్ ఇచ్చారా? తడి బాల్స్, తడి చేతులు ఉండే చోటు అది.

#15 ఎనిమిదో నంబర్
బెల్టు మీద కప్పే డబ్బా కూడా కావాలి. మూత గురించి ఇంకోసారి అడగను.

#16 వర్క్‌షాప్ అక్క
ఇప్పుడు అక్షం చెదరగొట్టే పని. చవకగా అయ్యేది ముందు చెయ్యి. గోడకి కార్పెట్ కింద ఒకచోట స్పాంజి ముక్క దూర్చు, గోడ మెల్లగా ఉబ్బి మళ్లీ మెల్లగా దిగేలా. బాల్ ప్రతి చుట్టులో అక్కడ లోపలికి జరిగి బయటికి వస్తుంది, ఆ కుదుపుకి అక్షం కాస్త మారుతుంది. ఉబ్బు నిటారుగా పెట్టకు, ఏటవాలుగా పెట్టు. నిటారుగా ఉంటే లోపలికి నెడుతుంది, అంతే. ఏటవాలుగా ఉంటే నెడుతూ మెలి కూడా తిప్పుతుంది.

అది చాలకపోతే బకెట్‌ని షాఫ్ట్ నుంచి పక్కకి జరుపు.

#17 చాక్‌పొడి
పక్కకి అంటే డిస్క్‌కి రంధ్రం మధ్యలో కాకుండా పక్కన వెయ్యాలా?

#18 లేతు మేస్త్రి
వద్దు వద్దు! డిస్క్ పక్కకి జరిగితే తిరిగేటప్పుడు బరువు ఒకవైపు లాగుతుంది. మిషన్ మొత్తం గదిలో నడవడం మొదలుపెడుతుంది. డిస్క్ షాఫ్ట్ మీద నిక్కచ్చిగా మధ్యనే ఉండాలి. బకెట్‌ని 8 ఎం.ఎం. జరపండి. తిరిగేది సమతూకంలో ఉంటుంది, కదలని గోడ మాత్రం ఒకవైపు దగ్గరగా, ఒకవైపు దూరంగా ఉంటుంది. బాల్ కింద డిస్క్ వేగం ఒక చుట్టులోనే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, జారుడు తప్పదు.

డిస్క్ వ్యాసార్ధం మాత్రం చూసుకోండి. దూరంగా ఉన్న వైపు బాల్ అడుగు ఇంకా డిస్క్ మీదే ఆనాలి, సందులోకి జారకూడదు. అలాగని దగ్గర వైపు డిస్క్ గోడకి రాచుకోనూ కూడదు. మీ కొలతలకి 120 నుంచి 122 ఎం.ఎం. వ్యాసార్ధం సరిపోవచ్చు. అట్టముక్క కోసి పెట్టి చూసుకుని ఆ తర్వాతే ప్లైవుడ్ కొయ్యండి.

#19 చాక్‌పొడి
ఆదివారమంతా ఇదే పని. వరసగా చెప్తాను, ఎప్పుడూ అదే బాల్, అవే 40 చుక్కలు, రెండే నిమిషాలు, బకెట్‌లో 8 బాల్స్.

వేగం 200కి దించాను: 11 మిగిలాయి. పెద్ద తేడా లేదు, కానీ బాల్స్ గోడెక్కడం ఆగింది. మూత కూడా పెట్టాను, ఎనిమిదో నంబర్ గారు శాంతించాలి.

నిటారు స్పాంజి: 7. ఏటవాలు స్పాంజి: 4. బకెట్ 8 ఎం.ఎం. జరిపాక: 1, అదీ సగం చెరిగింది. మధ్యలో ఒకసారి స్విచ్ ఆపి మళ్లీ వేస్తే సున్నా.

ఉత్సాహంలో 10 బాల్స్ వేసి చూశాను. 6 చుక్కలు మిగిలాయి. సందు లేక రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి తిరుగుతున్నాయి, చెదరడానికి చోటే లేదు. ఎనిమిదికి మించి వెయ్యను.

#20 మూడో కుషన్
నేను మిషన్ల మనిషిని కాదు, ఆడేవాణ్ణి. మీరంతా చుక్కల కోసం ఎందుకింత తంటాలు పడుతున్నారో ఆటవైపు నుంచి ఒక మాట చెప్తాను. రెండు బాల్స్ గుద్దుకున్నప్పుడు వాటి మధ్య కొంచెం ఘర్షణ ఉంటుంది. శుభ్రంగా ఉన్న బాల్స్‌కి ఘర్షణ గుణకం సుమారు 0.03 నుంచి 0.08 లోపు. ఆ ఘర్షణే కట్ షాట్‌లో, అంటే బాల్‌ని పక్కగా తగిలేలా కొట్టినప్పుడు, ఆబ్జెక్ట్ బాల్‌ని (మనం వెయ్యాలనుకున్న బాల్‌ని) అనుకున్న గీత నుంచి కాస్త పక్కకి లాగుతుంది. దాన్ని త్రో అంటాం. రోజూ ఆడేవాడు ఆ త్రోకి అలవాటుపడి గురి సర్దుకుంటాడు. బాల్స్ అన్నీ సమానంగా మురికిగా ఉన్నా సర్దుకుంటాడు. నడుము నున్నగా, చివర్లు మురికిగా ఉన్న బాల్‌తో మాత్రం ఎవడూ ఏమీ చెయ్యలేడు. ఏ భాగం తగిలిందన్నదాన్ని బట్టి ఒకసారి పడుతుంది, ఒకసారి పడదు. కాబట్టి పట్టీ మెరుపు కన్నా మొత్తం మురికే మేలు. మెరుపు నాకు అక్కర్లేదు, ఒకేలా ఉంటే చాలు.

#21 ఫ్యాను రెక్క
మరి లోపల ఏం పోస్తున్నారు? నేను కారు వ్యాక్స్ వాడతాను, అద్దంలా వస్తాయి.

#22 మూడో కుషన్
అదే వద్దంటున్నాను సార్. వ్యాక్స్ పూసిన బాల్స్ మొదటి కొన్ని ఆటలు సబ్బు ముక్కల్లా జారతాయి, త్రో మాయమవుతుంది. అరిగేకొద్దీ ఒక్కో బాల్ ఒక్కోలా మారుతుంది. ఆ వ్యాక్స్ పోయేది టేబుల్ గుడ్డ మీదికే.

#23 వర్క్‌షాప్ అక్క
నా పద్ధతి చెప్తాను. ముందు గోరువెచ్చని నీళ్లలో ఒక్క చుక్క సబ్బు వేసి కడిగి, తుడిచి, ఆరబెట్టి అప్పుడే మిషన్‌లో వేస్తాను. ఎందుకంటే క్యూ కర్ర కొనకి రాసే చాక్ పేరుకే చాక్. 1897లో పేటెంట్ తీసుకున్న రకం దగ్గర్నుంచి అందులో ఉండేది ప్రధానంగా సిలికా, గరుకు పొడులు. కడగకుండా వేస్తే ఆ పొడి కార్పెట్‌లో చేరి సన్నటి గరుకు కాగితంలా పనిచేస్తుంది. మూత తీసినప్పుడు ఆ దుమ్ము ముక్కులోకి పోవడం ఇంకో తంటా, మాస్క్ పెట్టుకోండి.

బాల్స్ కోసమే అమ్మే క్లీనర్ నాలుగైదు చుక్కలు, బాల్ మీద కాదు, కార్పెట్ మీద. పది నిమిషాలు. తర్వాత వేరే పొడి కార్పెట్ వేసిన రెండో డిస్క్ పెట్టి ఇంకో ఐదు నిమిషాలు. రెండు డిస్కులకీ రంగు గుర్తు పెట్టుకోండి, కలిసిపోతే మొదటికొస్తుంది. కారు రబ్బింగ్ కాంపౌండ్ లాంటి గరుకువి మాత్రం ముట్టుకోకండి.

#24 చాక్‌పొడి
గరుకువి వాడితే బాల్ ఎంత అరిగిందో వెర్నియర్ కొలబద్దతో తెలియదా అక్కా?

#25 లేతు మేస్త్రి
ఇది నా సబ్జెక్టు, నేను చెప్తాను. మామూలు వెర్నియర్‌తో గుండ్రటి బాల్ మీద ఎక్కువ వ్యాసం ఎక్కడుందో వెతుక్కుంటూ కొలిస్తే రెండు మూడు వందోవంతుల ఎం.ఎం. తేడా చేతిలోనే పోతుంది. తూకం వెయ్యండి. 170 గ్రాముల పూల్ బాల్ వ్యాసం 0.1 ఎం.ఎం. తగ్గితే బరువు సుమారు 0.9 గ్రాము తగ్గుతుంది. 0.1 గ్రాము చూపించే చిన్న డిజిటల్ తూకం ఉంటే, వ్యాసంలో ఎం.ఎం.లో వందోవంతు అరుగుదల పట్టేసినట్టే.

ఒక్క జాగ్రత్త. పూల్ బాల్‌కి అనుమతించిన బరువే 156 నుంచి 170 గ్రాముల దాకా. వేర్వేరు బాల్స్ బరువులు పోల్చి ఇది చిన్నది, అది పెద్దది అనకండి, వాటి రెజిన్ (బాల్ చేసిన ప్లాస్టిక్) సాంద్రతే వేరు కావచ్చు. అదే బాల్‌ని మిషన్‌కి ముందు, తర్వాత తూచి, నంబరు పక్కన రాసుకోండి. కడిగి ఆరాకే తూచండి, మురికికీ బరువుంటుంది.

#26 తాతగారి టేబుల్
ఆలస్యంగా చూశాను. మా ఇంట్లో చాలా పాత సెట్ ఉంది, పసుపు తిరిగాయి. వేసి తిప్పొచ్చా?

#27 గోళీకాయ
ముందు అవేంటో తెలియాలి. ఇప్పటి బాల్స్ ఎక్కువగా ఫినాలిక్ రెజినో పాలిస్టరో, రెండూ వేడికి కరగవు, భయం లేదు. మరీ పాతవైతే సెల్యులాయిడ్ కావచ్చు, అది తేలిగ్గా అంటుకుని మండే పదార్థం. రాపిడి మిషన్ దగ్గరికి రానివ్వకండి. ఏనుగు దంతమైతే తేమకి ఉబ్బి పగుళ్లిస్తుంది, నీళ్లు కూడా తగలనివ్వకండి. సన్నటి వలలాంటి గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ కనిపిస్తే అది దంతం అయ్యుండొచ్చు. పొడి మెత్తటి గుడ్డ, మీ చెయ్యి, అంతే.

#28 తాతగారి టేబుల్
గీతలున్నాయి. పెట్టెలో పెట్టేశాను. థ్యాంక్స్ అండీ.

#29 పాతసామాన్లు
స్నూకర్ సెట్ తిప్పాలంటే ఏం మార్చాలి?

#30 లేతు మేస్త్రి
52.5 ఎం.ఎం. బాల్ కదా, అదే బకెట్‌లో బిగుతుగా 12 పడతాయి. సందు కోసం తొమ్మిదికి ఆపండి. 22 బాల్స్‌కి మూడు విడతలు. స్పాంజి ఉబ్బు బాల్ నడుము ఎత్తుకి రావాలి కాబట్టి రెండు మూడు ఎం.ఎం. కిందికి దించండి.

#31 చాక్‌పొడి
రెండు సెట్లూ తూచి నోటుబుక్కులో రాశాను. నాలుగు వారాలు మిషన్‌లో తిప్పాక మళ్లీ తూచాను. 32లో 31 బాల్స్ అంతకుముందు ఎంతో అంతే, ఎక్కడైనా తేడా ఉంటే 0.1. మిగిలిన ఆ ఒక్కటి రెండో టేబుల్ క్యూ బాల్, 0.4 తగ్గింది. మిషన్ మీద అనుమానంతో మొదటి టేబుల్ క్యూ బాల్ చూస్తే దానికేం కాలేదు. విచారిస్తే తేలిందేంటంటే, ఒక కుర్రాడు మచ్చ పోవట్లేదని దాన్ని గిన్నెలు తోమే పీచుతో రుద్దాడట.

స్పాంజి ఉబ్బు మీద కార్పెట్ అప్పుడే పల్చబడింది. దానికి వేరే ముక్క పైనుంచి అంటించొచ్చా, మొత్తం మార్చాలా?

#32 వర్క్‌షాప్ అక్క
పైన అంటిస్తే అంచు దగ్గర మెట్టు వస్తుంది, బాల్ టకటకా కొట్టుకుంటుంది. ఉబ్బున్న భాగాన్ని విడి పట్టీగా కోసి, వెల్క్రోతో పెట్టుకో. అరిగినప్పుడల్లా అదొక్కటే మార్చుకోవచ్చు. ఆ పీచు మాత్రం దాచిపెట్టు.